కంపెనీ అడిగిన ఫాంటు, మనం కట్టే పేజీ

(నల్లగొండలో డీటీపీ ఆపరేటర్లు, ప్రెస్సు యజమానులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

అందరికీ నమస్తే. మిర్యాలగూడ, సూర్యాపేట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. పాలమూరు నుంచి వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

మన దగ్గరికి వచ్చే పని ఎట్లా మారిందో మీకు తెలుసు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు ఇప్పటికీ ఉన్నాయి. వాటితోపాటు చౌటుప్పల్ వైపు, జడ్చర్ల దగ్గర పోలేపల్లి వైపు మందుల కంపెనీలు ఉన్నాయి. దామరచర్ల, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. వాళ్లకు కార్మికుల భద్రతా నియమాల పుస్తకం కావాలి, ట్రైనింగ్ పుస్తకం కావాలి, వార్షిక నివేదిక కావాలి. చాలాసార్లు ఇంగ్లిష్, తెలుగు రెండూ ఒకే పేజీలో కావాలి. పనితోపాటు ఒక పీడీఎఫ్ కూడా పంపిస్తారు. మా లోగో ఇట్లా ఉండాలి, మా రంగు ఇదే, మా పత్రాలన్నీ ఈ ఫాంటులోనే ఉండాలి అని అందులో రాసి ఉంటుంది. ఈ మూడో మాట దగ్గరే మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

రెండు మూడు వందల పేజీలు, నిండా పట్టికలు, ప్రతి ఏడాదీ అదే మూస, లోపలి అంకెలు మాత్రం కొత్తవి. ఇట్లాంటి పనికి నేను లేటెక్ వాడతాను. పేజీ ఎట్లా ఉండాలో ఆదేశాలుగా రాసిస్తే పీడీఎఫ్ కట్టిచ్చే ఉచిత ప్రోగ్రాము అది. పేజ్‌మేకర్‌లోనో ఇన్‌డిజైన్‌లోనో చేసేవాళ్లకు కూడా నేను చెప్పేదాంట్లో సగానికి పైగా పనికొస్తుంది, కాబట్టి వాళ్లు కూడా వినండి.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఫాంటు అంటే కంప్యూటర్‌లో ఉండేది అనే అలవాటు మనందరికీ ఉంది. కంపెనీ పని విషయంలో ఆ అలవాటు మానుకోండి. రాతప్రతి, ఫొటోలు, లోగో ఏ ఫోల్డర్‌లో పెడతారో ఫాంటు ఫైళ్లు కూడా అదే ఫోల్డర్‌లో పెట్టండి. వాటిని ఫైలు పేరుతోనే పిలవండి. ఫాంటు దొరకలేదా, పని అక్కడే ఆగిపోవాలి. సిస్టమ్ తనంతట తాను ఇంకో ఫాంటు పెట్టుకొని ముందుకు పోయే అవకాశమే ఇవ్వకూడదు.

ఎందుకంత పట్టుదల అంటారా? మీరు కంపోజ్ చేసిన ల్యాప్‌టాప్‌లో ఫాంటు ఉంటుంది. చివరి రోజు కంపెనీవాళ్లు రెండు సవరణలు పంపిస్తారు. మీరు ఊళ్లో ఉండరు, ఆఫీసులో ఉన్న తమ్ముడు తన కంప్యూటర్‌లో సవరించి పీడీఎఫ్ తీసి పంపిస్తాడు. ఆ కంప్యూటర్‌లో బోల్డ్ ఫైలు లేదు. హెడ్డింగులన్నీ మామూలు అక్షరాల్లోకి దిగిపోతాయి. లైన్లు జరుగుతాయి, ఒక పట్టిక తర్వాతి పేజీకి పోతుంది, విషయసూచికలో పేజీ నంబరు మారుతుంది. చదివేవాడికి ఎక్కడో తేడాగా ఉందని మాత్రమే అనిపిస్తుంది, అదేంటో చెప్పలేడు. కంపెనీలో బ్రాండు చూసుకునే మనిషి మాత్రం మొదటి పేజీలోనే పట్టేస్తారు. అప్పటికే ప్లేట్లు అయిపోయి ఉంటే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక పద్ధతిలోకి వద్దాం. లేటెక్‌కు పునాది టెక్ అనే ప్రోగ్రాము. డొనాల్డ్ కనూత్ దాన్ని 1978లో బయటికి తెచ్చారు. దాని వారసుల్లో పీడీఎఫ్‌లేటెక్ అనేది ఇంకా చాలామంది వాడుతున్నారు. దాంట్లో కొత్త ఫాంటు పెట్టాలంటే కొలతల ఫైలు వేరే చేయాలి, మ్యాప్ ఫైలు వేరే రాయాలి, ఏ బరువుకు, అంటే మామూలు, బోల్డ్ లాంటి అక్షరపు లావుకు, ఏ ఫైలు అని చెప్పే ఇంకో ఫైలు రాయాలి. తెలుగుకైతే అది దారే కాదు. 2004లో జోనాథన్ క్యూ జీటెక్ తెచ్చాక ఈ బాధ తప్పింది. ఆ తర్వాత లువాటెక్ వచ్చింది. ఈ రెండూ ఓపెన్‌టైప్, ట్రూటైప్ అనే ఇప్పటి రకాల ఫాంట్లను ఉన్నవున్నట్టు చదువుతాయి. ఫాంట్‌స్పెక్ అనే ప్యాకేజీ, అంటే అదనపు ఆదేశాల కట్ట, ఒక్కటి ఉంటే చాలు. వీటి మీద నడిచే లేటెక్‌లనే జీలేటెక్, లువాలేటెక్ అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ పట్టుకోండి.

తెర మీద చూడండి. పని ఫోల్డర్‌లో ఫాంట్స్ అని ఇంకో ఫోల్డర్ ఉంది. అందులో కంపెనీ ఇచ్చిన నాలుగు ఫైళ్లు ఉన్నాయి: రెగ్యులర్, బోల్డ్, ఇటాలిక్, బోల్డ్ ఇటాలిక్. పక్కనే కంపెనీ పేరుతో ఒక స్టైల్ ఫైలు ఉంది. ఫాంటుకు సంబంధించిన ప్రతి మాటా ఆ స్టైల్ ఫైలులోనే రాస్తాను, పుస్తకం ఫైలులో ఒక్క ముక్క కూడా రాయను. సెట్‌మెయిన్‌ఫాంట్ అనే ఆదేశం ఇచ్చి, పాత్ అన్నచోట ఆ ఫోల్డర్ పేరు పెడతాను. చివర స్లాష్ మరవకండి, అది లేకపోతే ఫోల్డర్ పేరు, ఫైలు పేరు అతుక్కుపోయి ఫాంటు దొరకదు. ఎక్స్‌టెన్షన్ అన్నచోట ఓటీఎఫ్ అనో టీటీఎఫ్ అనో రాస్తాను. ఆ తర్వాత అప్‌రైట్‌ఫాంట్, బోల్డ్‌ఫాంట్, ఇటాలిక్‌ఫాంట్, బోల్డ్‌ఇటాలిక్‌ఫాంట్ అని నాలుగింటికీ నాలుగు ఫైళ్ల పేర్లు విడివిడిగా ఇస్తాను.

నాలుగూ రాయడం దండగ అనుకోవద్దు. ఫైలు పేరుతో పిలిచినప్పుడు, బోల్డ్ ఏ ఫైలో మీరు చెప్పకపోతే దానికి తెలియదు. ఈ బరువు దొరకలేదు, మామూలుది వాడుతున్నాను అని లాగ్‌లో, అంటే పని ఎట్లా నడిచిందో రాసే ఫైలులో, ఒక హెచ్చరిక రాసి ముందుకు పోతుంది. ఇందాక చెప్పిన హెడ్డింగుల గొడవ సరిగ్గా ఇట్లానే పుడుతుంది. కంపెనీవాళ్లు బోల్డ్ ఫైలు పంపకపోతే ఫోన్ చేసి అడగండి. ఫేక్‌బోల్డ్ అనే సదుపాయం ఉంది, అక్షరం అంచులను లావు చేసి బోల్డ్‌లా చూపిస్తుంది. కంపెనీ పనిలో దాని జోలికి పోవద్దు. వాళ్లు డబ్బు పెట్టి గీయించుకున్న అక్షరం రూపు అక్కడ పాడైపోతుంది.

ఇంకో చిన్న సంగతి. విండోస్‌లో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాల తేడా పట్టించుకోరు. లినక్స్‌లో ఫైలు పేరులో ఒక్క అక్షరం పెద్దదైనా అది వేరే ఫైలే. ఇక్కడ విండోస్‌లో చేసిన పనిని హైదరాబాద్‌లో ఎవరో లినక్స్ సర్వర్ మీద నడిపితే ఈ ఒక్క కారణంతో ఆగిపోతుంది. కాబట్టి ఫైలులో ఎట్లా ఉందో ఆదేశంలో కూడా అక్షరం పొల్లు పోకుండా అట్లానే రాయండి.

(సభలో నుంచి ఒక విద్యార్థి: అన్నా, నేను ఫాంటు ఇన్‌స్టాల్ చేశాను. వర్డ్‌లో కనిపిస్తోంది, లేటెక్‌లో మాత్రం దొరకట్లేదు. ఎందుకు?)

మంచి ప్రశ్న తమ్ముడూ. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి, ఫాంటు మీద క్లిక్ చేసి ఇన్‌స్టాల్ అంటే అది నీ ఒక్కడి ఖాతాలోకే పోతుంది. అందరూ వాడే ఫాంట్ల ఫోల్డర్‌లోకి పోదు. వర్డ్ రెండు చోట్లా చూస్తుంది, అన్ని ప్రోగ్రాములూ చూస్తాయని నమ్మకం లేదు. రైట్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ అనేది ఎంచుకో. రెండో సంగతి, లువాలేటెక్ తనకు తెలిసిన ఫాంట్ల పట్టిక ఒకటి రాసి పెట్టుకుంటుంది. మొదటిసారి అది తయారయ్యేదాకా స్క్రీన్ కదలకుండా ఉంటుంది, హ్యాంగ్ అయిందనుకొని ఆపేస్తారు, ఆపకండి. మూడోది, పేరు. సెమీబోల్డ్ లాంటి బరువులను ఒక సిస్టమ్ ఆ కుటుంబంలో భాగంగా చూపిస్తుంది, ఇంకో సిస్టమ్ విడి కుటుంబంగా చూపిస్తుంది. ఇన్ని చిక్కులున్నాయి కాబట్టే ఫైలు పేరుతో పిలవమంటున్నాను. అప్పుడు ఇన్‌స్టాల్ చేయాల్సిన పనే లేదు.

కంపెనీవాళ్లు ఒక్కోసారి వేరియబుల్ ఫాంటు పంపిస్తారు. ఒకే ఫైలులో అన్ని బరువులూ ఉంటాయి. వెబ్‌సైట్‌కు అది బాగుంటుంది. మన పనికి విడివిడి ఫైళ్లే అడగండి, జీలేటెక్‌కు వేరియబుల్ ఫాంట్లతో పొసగదు. పాత టైప్ వన్ ఫాంట్లు పంపించినా అంతే, ఓపెన్‌టైప్ కావాలనండి. అడోబీ కూడా తన ప్రోగ్రాముల్లో టైప్ వన్‌ను 2023 జనవరితో ఆపేసింది.

ఇప్పుడు తెలుగు దగ్గరికి వస్తున్నాను. నా మనసంతా ఇక్కడే ఉంది.

కంపెనీ ఇచ్చే ఫాంటు చాలాసార్లు ముంబైలోనో విదేశంలోనో ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకొని గీయించింది. అందులో తెలుగు ఉండదు. వాళ్లు పంపిన నియమావళిలో తెలుగు గురించి ఒక్క మాట కూడా ఉండదు. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఇంగ్లిష్ పేజీకి కంపెనీ ఫాంటు పెడుతున్నాం, తెలుగు పేజీకి కంప్యూటర్‌లో ఏది చేతికి అందితే అది పెడుతున్నాం. యాసిడ్ ట్యాంకు దగ్గర పనిచేసే కార్మికుడు చదివేది ఆ తెలుగు పేజీనే. అతని పేజీకి కూడా అంతే శ్రద్ధ దక్కాలి. కంపెనీ ఫాంటుకు జోడీగా ఏ తెలుగు ఫాంటు ఉండాలో మనమే చూసి, నమూనా కట్టి, కంపెనీతో ఒప్పించి, ఆ ఒప్పుదలను రాతలో తీసుకోవాలి. ఆ తర్వాత అది కూడా కంపెనీ ఫాంటే. అదే ఫోల్డర్‌లో ఉండాలి, అదే స్టైల్ ఫైలులో ఉండాలి.

దేన్ని ఎంచుకోవాలి? కంపెనీ ఫాంటు సన్నగా, సూటిగా ఉంటే గూగుల్ వాళ్ల నోటో సాన్స్ తెలుగు చూడండి. కొసలున్న అక్షరమైతే నోటో సెరిఫ్ తెలుగు చూడండి. ఈ రెండింటిలోనూ సన్నం నుంచి బాగా లావు వరకు బరువులు ఉన్నాయి, అది పెద్ద సౌకర్యం. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లలో మండలి ఉంది, రామభద్ర ఉంది, సురవరం ఉంది. సురవరం ఫాంటుకు ఆ పేరు సురవరం ప్రతాపరెడ్డి గారిది. పాలమూరు తమ్ముళ్లు గుర్తుపట్టే ఉంటారు, ఆయన మీ గద్వాల వైపు ఇటిక్యాలపాడు మనిషి. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వార్తాపత్రికల వాడకం కోసం గీసిన అక్షరానికి ఆయన పేరు పెట్టడం నాకు చాలా ఇష్టమైన సంగతి. అంతకు నాలుగేళ్ల ముందే, 1922లో, మన నల్లగొండలో షబ్నవీసు వెంకటరామనరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. నిజాం కాలంలో, చదువు, సర్కారు ఆఫీసుల పని అంతా ఉర్దూలో నడుస్తున్నప్పుడు, సీసం అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి ఇక్కడ తెలుగు అచ్చు వేశారు. మన చేతిలో ఇన్ని ఫాంట్లు ఉచితంగా ఉండి కూడా తెలుగు పేజీని మొక్కుబడిగా కడితే నాకు బాధగా ఉంటుంది.

ఒక జాగ్రత్త ఉంది. మండలి, సురవరం లాంటి వాటికి ఒకే బరువు ఉంది, బోల్డ్ వేరే లేదు. లోపలి పాఠానికి ఒకటి, హెడ్డింగులకు రామభద్ర లాంటి లావు అక్షరం ఒకటి అని ముందే తేల్చుకొని బోల్డ్‌ఫాంట్ అన్నచోట ఆ ఫైలు పేరు రాసేయండి. తెలుగు లిపికి ఇటాలిక్ సంప్రదాయం లేదు. ఇంగ్లిష్ నియమావళిలో ఇటాలిక్ అని ఉన్నచోట తెలుగులో నిలువు అక్షరమే ఉంచి, రంగుతోనో కొటేషన్ గుర్తులతోనో తేడా చూపించండి. తెలుగు అక్షరాన్ని పక్కకు వంచితే వత్తులు పక్క అక్షరం మీద పడతాయి.

తెలుగు ఫాంటును పిలిచేటప్పుడు ఒక మాట తప్పకుండా రాయాలి: స్క్రిప్ట్ ఈజ్ ఈక్వల్ టు తెలుగు. అది రాయకుండా చేసిన పేజీ తెర మీద పెడుతున్నాను, చూడండి. స్త్రీ అన్న అక్షరం చూడండి. సకారం మీద పొల్లు కనిపిస్తోంది, పక్కన తకారం మీద ఇంకో పొల్లు, ఆ తర్వాత రీ. మూడు ముక్కలుగా విడిపోయింది. ఇప్పుడు ఆ మాట రాసి మళ్లీ నడుపుతున్నాను. సకారానికి గుడిదీర్ఘం పైన కూర్చుంది, తవత్తు, రవత్తు వాటి వాటి చోట కూర్చున్నాయి. ఫాంటులో వత్తులు మొదటి నుంచీ ఉన్నాయి, వాటిని ఎట్లా కలపాలో చెప్పే నియమాలు తెలుగు లిపి పేరు కింద ఉన్నాయి. ఏ లిపో మనం చెప్తేనే ఆ నియమాలు పనిచేస్తాయి. లువాలేటెక్‌లో ఇంకో మాట కూడా కలపాలి: రెండరర్ ఈజ్ ఈక్వల్ టు హార్ఫ్‌బజ్. ఆ హార్ఫ్‌బజ్ అనేదే వత్తులను, గుణింతాలను సరిగ్గా కూరుస్తుంది. టెక్ ప్రోగ్రాములన్నీ ఒకేచోట ఇచ్చే కట్ట టెక్ లైవ్, దాని 2020 వెర్షన్ నుంచి లువాలేటెక్ హార్ఫ్‌బజ్‌ను వెంట తెచ్చుకుంటోంది. జీలేటెక్‌లో అది ముందు నుంచే లోపల ఉంటుంది.

లైన్ల మధ్య ఎడం కూడా మార్చాలి. పది పాయింట్ల ఇంగ్లిష్‌కు పన్నెండు పాయింట్ల ఎడం చాలు. తెలుగుకు అదే ఎడం ఇస్తే పై లైను వత్తులకు, కింది లైను గుడులకు చోటు చాలదు. నా లెక్కలో పదిహేనుకు తగ్గకూడదు, రెండు వత్తుల మాటలు ఎక్కువున్న పుస్తకానికి పదహారు ఇస్తాను. పేజీలు పెరుగుతాయని కంపెనీ అంటుంది. పెరిగినా సరే, చదవగలిగేట్టు ఉండాలని నచ్చజెప్పండి.

అక్షరం లేనిచోట ఏం జరుగుతుందో కూడా తెలుసుకోవాలి. ఇంగ్లిష్ ఫాంటులో ఉన్న పేరాలో పొరపాటున ఒక తెలుగు మాట పడిందనుకోండి. ఆ చోట ఖాళీ వస్తుంది, లేదా డబ్బా వస్తుంది. లాగ్‌లో మిస్సింగ్ క్యారెక్టర్ అని ఒక లైను ఉంటుంది, వేల లైన్ల మధ్య అది ఎవరి కంటికీ ఆనదు. ట్రేసింగ్‌లాస్ట్‌క్యార్స్ అనే విలువను 3 చేయండి. టెక్ లైవ్ 2021 నుంచి ఆ విలువకు ఇది ఎర్రర్‌గా మారుతుంది. నడిపేటప్పుడు హాల్ట్ ఆన్ ఎర్రర్ అని కూడా ఇవ్వండి. ఒక్క అక్షరం లేకపోయినా పని ఆగుతుంది. మొదటి రోజు చికాకు పుడుతుంది, ఆ తర్వాత రాత్రి టెన్షన్ లేకుండా నిద్ర పడుతుంది.

దీనికి ఎక్కువగా దొరికేది రూపాయి గుర్తు. మనం ఇప్పుడు వాడే ₹ గుర్తును ప్రభుత్వం 2010 జులైలో ఖాయం చేసింది, ఆ ఏడాదే యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణంలో, చేరింది. అంతకు ముందు గీయించుకున్న కంపెనీ ఫాంట్లలో అది ఉండదు. వార్షిక నివేదికలో ప్రతి పట్టిక నెత్తినా ఉండే గుర్తు అది. లేకపోతే దాన్ని ఏ ఫాంటు నుంచి తేవాలో స్టైల్ ఫైలులో ఒకేచోట చెప్పండి, పట్టిక పట్టికకూ వేరుగా చూసుకోవద్దు.

తెలుగు పేరా మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు కూడా కంపెనీ ఫాంటులోనే రావాలి. లువాలేటెక్ వాడేవాళ్లకు బేబెల్ ప్యాకేజీలో ఆన్‌క్యార్ అనే సదుపాయం ఉంది. లిపిని బట్టి ఫాంటును అదే మార్చుకుంటుంది, మాట మాటకూ మనం ఆదేశం రాయక్కర్లేదు. రెండు లిపులు ప్రతి లైనులో కలిసే పుస్తకమైతే లువాలేటెక్ వైపే మొగ్గుతాను. నిదానంగా నడుస్తుంది, నడవనివ్వండి.

(వెనక వరుస నుంచి ఒక ప్రెస్సు యజమాని: మా దగ్గర పాత మ్యాటరంతా అను ఫాంట్లలో ఉంది సార్. దాన్ని ఇట్లా వాడుకోవచ్చా?)

నేరుగా కుదరదన్నా. అది యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టి గీసిన ఫాంటు అది. ఫాంటు మార్చగానే పేజీ అంతా అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలుగా కనిపిస్తుంది. ముందు కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒక మనిషి కూర్చొని మొదటి నుంచి చివరిదాకా ప్రూఫు చదవాలి. ఎక్కువ తప్పులు వత్తుల దగ్గరే వస్తాయి. ఇంకొకటి కూడా చూసుకోవాలన్నా. ఆఫ్‌సెట్ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది పోతే ఆఫ్సెట్ అని ఫకారం కింద సవత్తు పడుతుంది. మార్చేటప్పుడు ఆ గుర్తు ఉందో లేదో చూసుకోండి. ఇప్పుడు ఒకసారి కష్టపడితే మళ్లీ పదేళ్లదాకా ఆ మ్యాటర్‌ను ఏ ఫాంటులోనైనా పెట్టుకోవచ్చు.

లైసెన్సు మాట కూడా చెప్పాలి. నోటో, సిలికానాంధ్ర ఫాంట్లు ఓపెన్ లైసెన్సులో ఉన్నాయి, ఎన్ని కంప్యూటర్లలోనైనా పెట్టుకోండి. కంపెనీ ఫాంటు అట్లా కాదు. కంపెనీ కొన్న లైసెన్సు వాళ్ల ఉద్యోగులకు మాత్రమే కావచ్చు. బయటి ప్రెస్సుకు ఇవ్వొచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. పని అయిపోయాక ఉంచుకోవచ్చో తీసేయాలో కూడా అడగండి. ఆ ఫోల్డర్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ కనిపించేచోట పెట్టొద్దు, ఇంకో పార్టీ పెళ్లి కార్డుకు ఆ ఫాంటు వాడొద్దు. పీడీఎఫ్‌లో పొదగడానికి అనుమతి ఉందో లేదో ఫాంటు ఫైలులోనే రాసి ఉంటుంది. విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్‌లోకి పోతే డీటెయిల్స్ దగ్గర కనిపిస్తుంది.

చివరిగా, పీడీఎఫ్ పంపే ముందు చూడాల్సింది. పీడీఎఫ్‌ఫాంట్స్ అని ఒక చిన్న ఉచిత ప్రోగ్రాము ఉంది. దానికి మీ పీడీఎఫ్ పేరిస్తే లోపలున్న ప్రతి ఫాంటునూ వరుసగా చూపిస్తుంది. పేరు ముందు ఆరు పెద్ద ఇంగ్లిష్ అక్షరాలు, ఒక ప్లస్ గుర్తు ఉంటే భయపడకండి. ఫాంటు మొత్తం కాకుండా వాడిన అక్షరాలను మాత్రమే పొదిగిందని దాని అర్థం. ఎంబ్ అనే నిలువు వరుస ఫాంటును పొదిగిందో లేదో చెప్తుంది, అందులో అన్నిటికీ యెస్ ఉండాలి. జాబితాలో మీరు పెట్టని పేరు కనిపించిందా, ముఖ్యంగా లాటిన్ మోడర్న్ అనే పేరు కనిపించిందా, అది లేటెక్ తనంతట తాను తెచ్చుకున్న ఫాంటు. ఎక్కడో ఒకచోట మీ ఆదేశం తప్పిపోయింది. లెక్కల సూత్రాలున్న పుస్తకమైతే అది ఆ సూత్రాల దగ్గర నుంచి వచ్చి ఉండొచ్చు, ఒకసారి చూసుకోండి.

ఆ పీడీఎఫ్‌ను తెరిచి తెలుగు మాట ఒకటి వెతికి కూడా చూడండి. భద్రత అని కొడితే భద్రత దొరకాలి. జీలేటెక్‌లో దీనికి జీటెక్‌జెనరేట్‌యాక్చువల్‌టెక్స్ట్ అనే విలువను 1 చేయాలి. లేకపోతే పేజీ కంటికి చక్కగా ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు, కాపీ చేస్తే ముక్కలు ముక్కలుగా వస్తుంది.

ప్రతి కంపెనీకీ ఒక పరీక్ష పేజీ కట్టుకోండని నా సలహా. అందులో స్త్రీ, జ్ఞానం, రాష్ట్రం, లక్ష్మి, కార్త్స్న్యం, ఆఫ్‌సెట్ ఉండాలి. ఱకారం ఉండాలి, అరసున్న ఉండాలి. ₹ గుర్తుతో ఒక పట్టిక, రెండు లిపులూ కలిసిన ఒక పేరా, నాలుగు బరువుల్లో ఒకే వాక్యం ఉండాలి. కంపెనీ కొత్త ఫాంటు వెర్షన్ పంపినప్పుడల్లా ముందు ఆ పేజీ తీసి, పాతదాని పక్కన పెట్టి చూడండి. వెర్షన్ మారితే అక్షరాల వెడల్పు మారొచ్చు, అప్పుడు పుస్తకమంతా లైన్లు జరుగుతాయి. పుస్తకం మధ్యలో ఉండగా మాత్రం కొత్త వెర్షన్ పెట్టొద్దు.

టెక్ లైవ్ ఉన్న ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి. పెన్‌డ్రైవ్‌లో నోటో ఫైళ్లు, ఖాళీ స్టైల్ ఫైలు తెచ్చాను. భోజనాల లోపల ఆ పరీక్ష పేజీ ఇక్కడే కట్టేద్దాం.